నైనీతాల్ టికెట్ తీసే ముందు

పిట్టలు చూడాలన్న సరదా పుట్టగానే చాలామంది హైదరాబాదీలు చేసే మొదటి పని డబ్బు వదిలించుకోవడం. మూరెడు లెన్సు, ఆకుపచ్చ టోపీ, ఆపైన ఉత్తరాఖండ్‌కు విమానం టికెట్లు. నైనీతాల్ దగ్గర పంగోట్, సాత్‌తాల్ అడవుల్లో పిట్టలు కోకొల్లలని ఎవరో చెబితే నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లిపోతారు. అక్కడ గైడు "అదిగో సార్, ఆ కొమ్మ మీద" అంటాడు. కొమ్మ కనిపిస్తుంది, పిట్ట కనిపించదు. కనిపించేలోపు ఎగిరిపోతుంది. సరేలెమ్మని గైడు చూపించిన దిక్కుకు కెమెరా పెట్టి టపటపా నొక్కేసి ఇంటికొస్తారు. తీరిగ్గా ఫొటోలు తిరగేస్తే సగం పిట్టల పేర్లు తెలియవు. తెలిసిన సగం గైడు చెప్పినవి.

ఇందులో అడవి తప్పేమీ లేదు, గైడు తప్పు అంతకన్నా లేదు. కంటికి సాధన లేదు, అంతే. ఆ సాధన కోసం హిమాలయాల దాకా పోవడం ఎందుకు? జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు పక్కనే అడవి ఉంది కదా!

అవును, అడవే. కేబీఆర్ పార్కు అని పిలిచి పిలిచి అందరికీ అది వాకింగ్ చేసుకునే చోటుగా మాత్రమే తెలుసు. నిజానికి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం సుమారు 350 ఎకరాల ఆకురాల్చే అడవి, ముళ్లపొదలు, గుండ్రాళ్లు. ఒకప్పుడు నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ. 1990ల్లో మాజీ ముఖ్యమంత్రి పేరిట జాతీయ ఉద్యానవనమైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి ఈ కొండలన్నీ ఇలా రాళ్లూ పొదలుగానే ఉండేవి. స్టూడియోలు, కాలనీలు, రోడ్లు తినేయగా మిగిలిన ముక్క ఇది. దాంతో పిట్టలు కూడా ఉన్నంతలో ఇక్కడే సర్దుకున్నాయి. నూటికి పైగా జాతులను చూసినవాళ్లున్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఉత్తరాది అడవుల పిట్టల కోసం మనం అక్కడికి పరుగెత్తుతుంటే, చలికాలంలో అవే ఇటు వస్తాయి. వేసవిలో పంగోట్ వైపు గూడు కట్టే వెర్డిటర్ ఫ్లైక్యాచర్ చలి మొదలవగానే దక్షిణాదికి దిగుతుంది. తూర్పు యూరప్, రష్యా అడవుల్లో పిల్లల్ని పెంచిన రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ మన మోదుగ చెట్ల కింద ఈగలు పట్టుకుంటుంది. సైబీరియా దాకా విస్తరించిన గ్రీనిష్ వార్బ్లర్ పది గ్రాములైనా తూగదు. ఆ ప్రాణి అంత దూరం ఎగిరొచ్చి, ఐమాక్స్ టికెట్ల గురించి ఫోన్లో మాట్లాడుకుంటూ పోయే వాకర్ల నెత్తిమీద కొమ్మల్లో ఆరు నెలలు కాపురం ఉండి వెళ్తుంది. పైకి చూసేవాళ్లు తక్కువ.

చూడటం ఎలా? ఫిల్మ్‌నగర్‌లో అద్దె గదిలో ఉండే ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఏదో స్టూడియోలో సౌండ్ ఎఫెక్ట్స్ విభాగంలో అసిస్టెంటు. రాత్రిళ్లు పని, పగలు నిద్ర. ఒక డిసెంబరు ఆదివారం పిట్టలు చూడాలనుకుంది. ఆమె చేసిన పనులు, చేయబోయి ఆగిన పనులు మీకూ పనికొస్తాయి.

1. ముందు ఇంటి చుట్టూ ఉన్నవాటితో పరిచయం పెంచుకోండి

కొత్తవాళ్లు మొదటిరోజే అరుదైన పిట్ట కోసం వెతుకుతారు. కాకి కనబడితే మొహం తిప్పుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. రెండు రకాల కాకులున్నాయన్న సంగతి మీకు తెలుసా? మెడ బూడిదరంగులో ఉండేది ఊరకాకి. ఒళ్లంతా నల్లగా, ముక్కు దిట్టంగా ఉండేది బొంతకాకి. రెండూ జూబ్లీహిల్స్‌లో ఉన్నాయి. వాటి తేడా వారం రోజులు చూస్తే ఒడ్డూ పొడుగూ, ముక్కు, గొంతు చూడటం కంటికి వస్తుంది. ఆ కన్నే రేపు వార్బ్లర్‌ని పట్టిస్తుంది.

పార్కుకు వెళ్లేముందు వారం రోజులు బాల్కనీలోంచీ, టీకొట్టు దగ్గర నుంచీ ఒక పది పిట్టల్ని గట్టిగా నేర్చుకోండి. గోరువంక, రామచిలుక, పిగిలిపిట్ట అనే బుల్‌బుల్, తేనెపిట్ట, గద్ద, కోయిల, జెముడుకాకి, లకుముకిపిట్ట, చెట్లమీద టుక్ టుక్ మని కూసే కంసాలిపిట్ట, తోక నిక్కబొడుచుకుని పొదల్లో దూరే దర్జీపిట్ట. ఇవి ఎటు తిరిగి కూర్చున్నా, ఎగురుతున్నా, వెలుతురుకు అడ్డంగా నల్లగా కనిపించినా గుర్తుపట్టగలగాలి. తెర మీద పాత క్యారెక్టర్ ఆర్టిస్టులందరినీ ఎరిగినవాడికే కొత్త ముఖం ఎవరిదో ఠక్కున తెలుస్తుంది. పిట్టలతోనూ అంతే.

2. వేళ చూసుకోండి

వలస పిట్టలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దిగి మార్చి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదును. డిసెంబరులో హైదరాబాదులో సూర్యుడు దాదాపు 6:40కి వస్తాడు. ఆ తర్వాత రెండు, రెండున్నర గంటలే మీ రోజుకు ప్రాణం. రాత్రంతా చలిలో ఉపవాసం ఉన్న పిట్టలు తిండి కోసం బయటికి వస్తాయి. తొమ్మిదిన్నర, పది దాటాక ఎండ ముదిరితే ఎక్కడివక్కడ సద్దుమణుగుతాయి.

"ఆదివారం కదా, టిఫిన్ చేసి తీరిగ్గా వెళ్దాం" అనుకుంటే ఇక నడకే మిగులుతుంది. పైగా పార్కు రోజంతా తెరిచి ఉండదు. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు. వేళలు, టికెట్టు ధర, కెమెరా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే గేటు దగ్గర కనుక్కోండి. మన అమ్మాయి శనివారం రాత్రి పని ముగించుకుని నిద్ర మానేసి నేరుగా వెళ్దామనుకుంది. ఆ ఆలోచన మానుకోవడం మంచిదైంది. నిద్ర కళ్లకు పిట్టలు ఆనవు.

బట్టలు మట్టిరంగువో, ముదురు ఆకుపచ్చవో వేసుకోండి. తెలుపు, ఎరుపు వద్దు. బూట్లు తప్పనిసరి. రాళ్ల సందుల్లో పాములుంటాయి.

3. నడక ఆపండి

వాకింగ్‌కు అలవాటుపడ్డ కాళ్లకు ఇదే కష్టం. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం ఉంటే మరీ కష్టం. దాన్ని ఇంట్లో పెట్టిరండి. పార్కంతా చుట్టివచ్చినవాళ్ల కంటే ఒకే చెట్టు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డవాళ్లకు ఎక్కువ పిట్టలు కనిపిస్తాయి. మీరు రాగానే పిట్టలు గప్‌చుప్ అవుతాయి. పది నిమిషాలు కదలకుండా ఉంటే మీ సంగతి మరచిపోయి పని మొదలుపెడతాయి.

ఏ చెట్టు? పండ్లున్న రావి, మర్రి, జువ్వి అయితే కంసాలిపిట్టలు, కోయిలలు, గోరువంకలు చేరతాయి. ఫిబ్రవరి, మార్చిలో అయితే మోదుగ. ఆకులన్నీ రాల్చేసి ఎర్రగా పూసిన మోదుగ చెట్టు కింద నిలబడితే తేనెపిట్టలు, చిలుకలు, గోరువంకలు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ మీకు వెతికే పని లేకుండా చేస్తాయి. ఆకులు లేకపోవడం ఇంకో వరం.

మన అమ్మాయి ఒక మలుపులో బండకు ఆనుకుని నిలబడింది. రోజూ నడిచే పెద్దాయన రెండో చుట్టులో ఆగాడు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"పిట్టను అంకుల్. చిన్నది, ఆకుల్లో ఉంది."

"ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న. నెమలి తప్ప నాకేం కనవడలే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఇరవై ఏళ్లూ ఆయన ఆగలేదు.

4. కంటి కంటే ముందు చెవి

అడవిలో పది పిట్టలుంటే ఏడెనిమిది ముందు వినబడతాయి, తర్వాత కనబడతాయి. కాబట్టి ఇయర్‌ఫోన్లు తీసేయండి. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. ఎన్ని గొంతులు? ఏది పైనుంచి, ఏది పొదలోంచి? నెమలి కేక అందరికీ తెలిసిందే. నేలమీంచి గొంతు చించుకుని అదే పనిగా అరిచేది కౌజుపిట్ట. కంగారుగా ఎగురుతూ లోకానికంతా మీ రాకను చాటేది తీతువు.

ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గోతి ఒకటుంది. చెట్టులోంచి చిక్, చిక్, చిక్ మని ఆగకుండా ఒకటే అరుపు. దానికోసం మెడలు నొప్పెట్టేలా వెతుకుతారు. అది ఉడుత! పిల్లినో, డేగనో చూసి హెచ్చరిస్తుంటుంది. నిరాశపడకండి. ఉడుత ఎటు చూసి అరుస్తోందో అటు చూడండి. జాలెడేగ కూర్చుని ఉండొచ్చు.

సౌండ్ విభాగంలో పనిచేసే అమ్మాయికి ఇది నల్లేరు మీద నడకే అనుకుంటాం. కాదు. సినిమా చెవి వేరు. హాలీవుడ్‌లో తెర మీద బాల్డ్ ఈగల్ కనబడితే వెనక రెడ్ టెయిల్డ్ హాక్ అరుపు పెడతారు. అసలు ఈగల్ గొంతు పీలగా ఉంటుందని, హీరోయిజానికి సరిపోదని. సినిమాలో విన్న అరుపును అడవిలో వెతకడం అందుకే దండగ.

ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర కేంద్రం చేసింది. అరుపు విని పేరు చెబుతుంది. మంచి సాయం, కానీ తీర్పు కాదు. యాప్ పేరు చూపించిందని జాబితాలో రాసేసుకోకండి. ఆ పేరును ఆధారంగా తీసుకుని పిట్టను కంటితో పట్టుకోండి. కనబడితేనే లెక్క.

5. బైనాక్యులర్స్: కొనడం తేలిక, వాడటమే విద్య

కెమెరా కంటే ముందు బైనాక్యులర్స్ కొనాలి. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు. కెమెరా ఫొటో ఇస్తుంది, బైనాక్యులర్స్ చూపునిస్తాయి. 8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. పన్నెండు, ఇరవై రెట్లు అని చెప్పి అంటగట్టేవి వద్దు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పదివేల లోపు కూడా పనికొచ్చేవి దొరుకుతాయి. పేరున్నవి లక్షల్లో ఉంటాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి.

వాడే పద్ధతి ఇదీ. పిట్ట కనబడగానే చాలామంది తల వంచి బైనాక్యులర్స్ చూసుకుంటారు, సర్దుకుంటారు, మళ్లీ తల ఎత్తుతారు. పిట్ట ఉండదు. మీరు కళ్లను పిట్ట మీంచి తిప్పకండి. చూపు అక్కడే ఉంచి, చేతులతో బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. ఇంట్లో కిటికీలోంచి ఎదుటి అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు మీద కూర్చున్న పావురంతో సాధన చేయండి (ఎదుటివాళ్ల కిటికీల వైపు పొరపాటున కూడా తిప్పకండి, కాలనీ వాట్సాప్ గ్రూపులో మీ ఫొటో వస్తుంది). కళ్లజోడు ఉన్నవాళ్లు కంటిదగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పుకుంటే దృశ్యం నిండుగా కనిపిస్తుంది.

6. పేరు తర్వాత, ముందు వర్ణన

మన అమ్మాయికి ఏడుంపావు ప్రాంతంలో తుమ్మకొమ్మల్లో ఏదో కదిలింది. ఆకులా ఉంది, కానీ గాలి లేదు. బైనాక్యులర్స్ ఎత్తింది. పిట్ట రెండు క్షణాలు ఉంది, ఇంకో కొమ్మకు పోయింది, అక్కడా రెండు క్షణాలే. ఫోను తీసి వెతుకుదామనిపించింది. తీయలేదు. జేబులోని చిన్న పుస్తకంలో ఇలా రాసుకుంది:

"పిచ్చుక కంటే చిన్నది. పైన పాచిరంగు, కింద మాసిన తెలుపు. కంటి మీద లేతగీత, పొడుగ్గా. రెక్కమీద సన్నని తెల్లగీత ఒకటి. ముక్కు సన్నం. ఆకుల అడుగున పురుగులు ఏరుతోంది. ఒక్కచోట నిలవదు. చి-స్వీ, చి-స్వీ."

ఇంటికి వెళ్లి గ్రిమెట్, ఇన్‌స్కిప్‌ల గైడు పుస్తకం తెరిస్తే ఆ వర్ణన ఒక్కచోటికే తీసుకెళ్తుంది: గ్రీనిష్ వార్బ్లర్. ఉత్తరాది అడవుల నుంచి వచ్చిన అతిథి. రంగు ఒక్కటే రాసి ఉంటే? పాచిరంగు చిన్న పిట్టలు పుస్తకంలో పేజీలకు పేజీలున్నాయి.

కాబట్టి వరస గుర్తుపెట్టుకోండి. మొదట సైజు: పిచ్చుకంతా, గోరువంకంతా, కాకంతా? తర్వాత ముక్కు, తోక. తర్వాత ఏం చేస్తోంది, ఎక్కడ చేస్తోంది. రంగు చిట్టచివర. పొద్దుటి వెలుతురులో రంగులు మోసం చేస్తాయి, ముక్కు చేయదు.

7. అందరూ బోల్తాపడే చోట్లు

మచ్చలున్న గోధుమరంగు పెద్దపిట్టను చూసి కొత్త జాతి దొరికిందని ఎగిరి గంతేస్తారు. అది ఆడకోయిల. నల్లగా ఉండేది మగది మాత్రమే.

పొట్ట పసుపుగా ఉండి గొంతు నుంచి కిందికి ఒకే ఒక ముదురు పట్టీ ఉన్న తేనెపిట్ట? కొత్తది కాదు. నీలం తేనెపిట్ట మగది గూడు కట్టే కాలం ముగిశాక మెరుపు బట్టలు విప్పేసి అలా తయారవుతుంది. చలికాలం చివరికి మళ్లీ నిగనిగలాడుతుంది.

జాలెడేగ అనుకున్నది హాక్ కుకూ కావచ్చు. అది కోయిల బంధువు. డేగ వేషం వేసుకుని తిరుగుతుంది, మిగతా పిట్టలు కూడా దాన్ని చూసి బెదిరి గోల చేస్తాయి. ముక్కు కొస చూడండి. డేగకు కొక్కెంలా వంగి ఉంటుంది.

రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ పేరు చూసి ఎర్రని గొంతు కోసం వెతక్కండి. నారింజరంగు గొంతు ఎదిగిన మగవాటికే. ఆడవి, పిల్లలు మట్టిరంగులో ఉంటాయి. మరి పోల్చుకోవడం ఎలా? నల్లతోక, దాని మొదట్లో రెండుపక్కలా తెల్లమచ్చలు, మాటిమాటికీ ఆ తోకను పైకెత్తడం. వెనకనుంచి ట్ర్‌ర్‌ర్ మని చిన్న గిలక చప్పుడు.

లకుముకిని పాలపిట్ట అనుకోవడం మరీ మామూలు. పాలపిట్ట కూర్చున్నప్పుడు ఏమంత గొప్పగా ఉండదు. రెక్క విప్పినప్పుడే నీలాలు రెండు మూడు ఛాయల్లో బయటపడతాయి. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు దర్శనం శుభమని నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు పండగకు ముందు వాటిని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో ఊరేగించి జనం దగ్గర పదీపరకా వసూలు చేస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఎదురుపడితే డబ్బివ్వకండి, అటవీశాఖకు చెప్పండి. పంజరంలో చూసినది దర్శనమూ కాదు.

8. చేయకూడనివి

ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవకండి. తన జాగాలోకి ఇంకెవరో వచ్చారని అది తిండి మాని వెతుక్కుంటుంది. గూడు దగ్గరికి పోకండి, ఫొటో కోసం ఆకులు తుంచకండి. నెమళ్లకు బిస్కెట్లు వేయకండి. రీల్స్ కోసం పరుగెత్తించకండి. ఇది జాతీయ ఉద్యానవనం, ఇక్కడ ప్రాణుల్ని బెదరగొట్టడం చట్టం ఒప్పుకోదు. చీకట్లో బయటి వాక్‌వే మీద ఒంటరిగా తిరగకండి, అది మీ క్షేమం కోసం.

పది గంటలకు పార్కులోంచి బయటికొస్తారు. మధ్యాహ్నం తిని పడుకోండి, పిట్టలూ అదే చేస్తుంటాయి. నాలుగున్నరకు ఫిల్మ్‌నగర్‌కు దగ్గర్లోనే, ఎమ్మెల్యే కాలనీలో ఉన్న లోటస్ పాండ్‌కు వెళ్లండి. చిన్న చెరువు, చుట్టూ నడకదారి. పొద్దున అడవి పిట్టలు చూసిన కళ్లు ఇక్కడ సేదతీరతాయి. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది, మునుగుడుకోడి ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతుంది, గుడ్డికొంగ పక్కనే నిలబడి ఉన్నా ఎగిరేదాకా కనబడదు. ఇక్కడ పిట్టలు పారిపోవు, ఎంతసేపైనా చూడొచ్చు. కొత్తవాళ్లకు నిజానికి అడవి కంటే చెరువే మంచి బడి. చీకటి పడే వేళకు చెట్టు తొర్రలోంచి పైడికంటి గుడ్లగూబ తల పైకీ కిందికీ ఊపుతూ బయటికొస్తే, ఆ రోజుకు అంతకన్నా ఏం కావాలి?

మొదటిరోజు జాబితాలో ఎన్ని ఉండాలన్న ప్రశ్న అందరూ అడుగుతారు. పాతిక వస్తే సంతోషించండి. పన్నెండే వచ్చినా, ఆ పన్నెండూ మీరే సొంతంగా గుర్తుపట్టి ఉంటే పంగోట్‌లో గైడు చెప్పిన ఎనభై కంటే అవే ఎక్కువ.

ఒంటరిగా విసుగొస్తే తోడున్నారు. డెక్కన్ బర్డర్స్ సంఘం 1980లో బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైంది. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ అనే బృందం కూడా ఉంది. ఇలాంటివాళ్లు నగరం చుట్టుపక్కల నడకలు పెడుతుంటారు. పదేళ్లుగా చూస్తున్నవాళ్ల పక్కన ఒక్క ఉదయం నడిస్తే పుస్తకం ఆరునెలలు చదివినంత. "అది ఏమిటండీ" అని పదిసార్లు అడగడానికి సిగ్గుపడకండి. వాళ్లూ అలా అడిగే నేర్చుకున్నారు.

రాసుకున్న జాబితాను ఈబర్డ్ అనే పిట్టల నమోదు వెబ్‌సైటులో పెట్టండి. ఇదేదో కాలక్షేపం కాదు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేయబట్టే, తొంభై ఏళ్ల కిందట ఇక్కడ ఏముండేవో ఇవాళ మనకు తెలుసు. 2025లో హైదరాబాద్ బర్డ్ అట్లాస్ మొదలైంది. నగరాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏ పిట్టలున్నాయో స్వచ్ఛంద కార్యకర్తలు లెక్కిస్తున్నారు. కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్ల ప్రతిపాదన వచ్చి 2016లో జనం చెట్లకోసం రోడ్డెక్కినప్పుడు, అక్కడ కాపాడటానికి ఏముందని అడిగినవాళ్లున్నారు. తేదీ, వేళ, పేరు ఉన్న జాబితాలు అలాంటి ప్రశ్నకు జవాబులు.

ఈ విద్య ఊరు దాటినా పనికొస్తుంది. జూబ్లీహిల్స్‌లో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. ఆరునెలలు అక్కడికెళ్లి, కోడలు ఆఫీసుకు, మనవడు బడికి పోయాక నాలుగు గోడల మధ్య కూర్చుని పొద్దుపోక బాధపడుతుంటారు. కేబీఆర్‌లో ఒక చలికాలం నేర్చుకుని వెళ్లండి. ఒహాయోలో మాగీ మార్ష్ అనే చోట మే నెలలో ఉత్తరాది అడవులకు పోయే వార్బ్లర్లు తలమీద వాలినంత దగ్గరగా కనిపిస్తాయి. మిన్నెసోటాలో డులూత్ దగ్గరి సాక్స్ జిమ్ బాగ్‌కు గ్రేట్ గ్రే ఔల్ కోసం చలికాలంలో జనం వరసకడతారు. పేర్లు మారతాయి, పద్ధతి ఇదే. నిలబడటం, వినడం, ముక్కు చూడటం, రాసుకోవడం.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఎవరైనా చేరవచ్చు, రుసుము లేదు. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని కనిపించిన పిట్టల్ని లెక్కపెడితే చాలు. బాల్కనీ అయినా సరే, టీకొట్టు అయినా సరే. ఆ నాలుగు రోజుల కోసం ఇప్పటినుంచే తయారవండి. గ్రీనిష్ వార్బ్లర్లు ఏప్రిల్ దాటాక ఉండవు. ఈ ఆదివారం ఆరుగంటలకల్లా గేటు దగ్గర ఉండండి.